చింతగింజల లెక్క, గోదావరి లెక్క

భద్రాచలం అడవి అంచు పల్లెల్లో అష్టాచమ్మాకు గవ్వలు దొరకకపోతే చింతగింజలే గవ్వలవుతాయి. 4 గింజలను ఒకవైపు తెల్లబడేదాకా రాతిమీద అరగదీసి విసిరినప్పుడు, నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. ప్రతి గింజా ఏ వైపు పడటానికైనా సమాన అవకాశం ఉందని, ఒకటి పడిన తీరు మరొకదానిపై ప్రభావం చూపదని ముందుగా అనుకుంటే, సాధ్యమైన 16 ఫలితాల్లో చమ్మా ఒక్కటే కనుక దాని అవకాశం 1/16 అవుతుంది. ఒక్క గింజనూ విసరకుండా తర్కంతో తేల్చే ఈ విలువే సైద్ధాంతిక సంభావ్యత.

అయితే అరిగిన వైపు చదునుగా, అరగని వైపు ఉబ్బుగా ఉండే గింజ ఆ ఊహకు లోబడుతుందో లేదో విసిరి చూస్తేనే తెలుస్తుంది. చమ్మా పడిన సార్లను మొత్తం విసుర్లతో భాగిస్తే వచ్చేది ప్రాయోగిక సంభావ్యత. ఊహ నిజమైతే 160 విసుర్లలో 10 చమ్మాలు రావాలి గాని, 13 వచ్చినా అది అదృష్టమే అనుకోవచ్చు. అదే నిష్పత్తిలో 1600 విసుర్లలో 130 వస్తే మాత్రం గింజలనే అనుమానించాలి. ప్రయోగాలు పెరిగేకొద్దీ నిష్పత్తి అసలు సంభావ్యతకు చేరువవుతుందనే ఈ సూత్రానికి జాకబ్ బెర్నౌలీ ఇచ్చిన నిరూపణ, ఆయన మరణానంతరం 1713లో అచ్చయింది.

గోదావరికి అలాంటి 16 ఫలితాల పట్టిక లేదు. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. నీటిమట్టం 70 అడుగులు దాటే అవకాశాన్ని మాత్రం గతం నుంచే లెక్కకట్టాలి. 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3 అడుగులు నమోదయ్యాయి కనుక, ఆ 37 ఏళ్లలో 3 సార్లంటే సుమారు 8 శాతం. రెండు కొసల్లో ఒక్కో ఏడాది వదిలేసి 1987 నుంచి 2021 వరకు చూస్తే, 35 ఏళ్లలో ఒక్కసారే, అంటే 3 శాతం లోపే. లెక్క మొదలుపెట్టిన ఏడు, ముగించిన ఏడు మారినందుకే ఇంత తేడా. పైగా వానల తీరు, ఎగువ జలాశయాలు, నదీగర్భం మారుతూ ఉండగా ఏ రెండేళ్ల వరదలూ ఒకే ప్రయోగపు పునరావృత్తులు కావు.

ఆటగాళ్లు 1600 విసుర్లను కొద్దిరోజుల్లో ముగించగలరు. గోదావరికి మాత్రం ఏడాదికి ఒక్క విసురే. అందువల్ల నీటిమట్టం నమోదులో ఒక్క ఏడాది జారిపోతే, దాన్ని మళ్లీ విసిరి రాబట్టే వీలు లేదు.