చిన్న సివిక్‌లో పెద్ద ఇంజిన్

1992 నుంచి 1995 దాకా అమెరికాలో అమ్ముడైన హోండా సివిక్ హ్యాచ్‌బ్యాక్‌లలో అన్నిటికంటే చవకైనది సీఎక్స్. ఒకటిన్నర లీటర్ల ఇంజిన్, 70 హార్స్‌పవర్. పవర్ స్టీరింగ్ లేదు, కంపెనీ నుంచి ఏసీ రాదు. డబ్బు మిగుల్చుకోవాలనుకున్నవాళ్లే దాన్ని కొనేవారు. కొన్నేళ్లు తిరిగేసరికి కాలిఫోర్నియా కుర్రకారు వెతికి వెతికి కొనే బండి అదే అయింది. దాని లేమే దానికి విలువ తెచ్చింది. హంగులు లేవు కాబట్టి అది 950 కిలోల దగ్గరే తూగుతుంది. అందులో 170 హార్స్‌పవర్ ఇంజిన్ బిగిస్తే, ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సిన బరువు పదమూడున్నర కిలోల నుంచి ఆరు కిలోల లోపుకు దిగుతుంది.

ఈ పనిని వేగం పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. దగ్గర నుంచి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. ఇంజిన్‌ను లోపలికి దించడం ఇందులో తేలికైన భాగం. అది ఇచ్చే బలాన్ని మోసేలా, ఆపేలా, అదుపులో పెట్టేలా మిగతా బండిని సిద్ధం చేయడంలోనే అసలు విద్య ఉంది.

ఈ విద్య సివిక్‌తో మొదలైంది కాదు. 1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగలిగే ధరకు 65 హార్స్‌పవర్ వీ8 ఇంజిన్ తెచ్చింది. లాస్ ఏంజిలెస్ చుట్టుపక్కల కుర్రవాళ్లు ఆ ఇంజిన్లను తుక్కు దుకాణాల్లో కొని, అంతకంటే పాతవీ తేలికైనవీ అయిన మోడల్ ఏ ఫోర్డ్‌లలో బిగించేవారు. మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద వేగం తేల్చుకునేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ తర్వాత కంపెనీలూ ఇదే దారి పట్టాయి. పాంటియాక్ ఇంజనీర్లు మధ్యస్థాయి టెంపెస్ట్ బాడీలో పెద్ద కార్లకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజిన్ పెట్టి, 1964 మోడల్‌గా జీటీఓను తెచ్చారు.

1990లు వచ్చేసరికి లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో ఈ వారసత్వాన్ని అందుకున్నవాళ్లలో ఆసియా సంతతి యువకులు ముందున్నారు. ఇంట్లో ఉన్నవి హోండాలు. అప్పటికి జపాన్‌లో ఇదే సివిక్ బాడీలో 170 హార్స్‌పవర్ బి16ఏ ఇంజిన్‌తో ఎస్ఐఆర్ అనే మోడల్ అమ్ముతున్నారు. అమెరికా షోరూముల్లో ఆ హ్యాచ్‌బ్యాక్ దొరకదు. కంపెనీ అమ్మని బండిని కుర్రవాళ్లు షెడ్డులో తయారు చేసుకున్నారు. బి సిరీస్ ఇంజిన్ కోసం ఆ బాడీలో చోటు ముందే ఉంది కాబట్టి, చాసిస్ కోయకుండా, వెల్డింగ్ చేయకుండా పని జరిగిపోయేది.

అమెరికాలో తేలిగ్గా దొరికే ఇంజిన్ల కోసం ఆక్యురా ఇంటెగ్రా వైపు చూసేవారు. మామూలు ఇంటెగ్రాలో ఉండే బి18బి ఇంజిన్ 142 హార్స్‌పవర్ ఇస్తుంది. చవక, వైరింగ్ సులువు. 1994లో వచ్చిన జీఎస్‌ఆర్ మోడల్‌లోని బి18సి 1,797 సీసీ నుంచే 170 హార్స్‌పవర్ రాబడుతుంది. తేడా వీటెక్‌లో ఉంది. సుమారు 4,400 ఆర్‌పీఎం దాటాక ఆయిల్ ఒత్తిడి ఒక పిన్నును నెట్టి రాకర్ ఆర్ములను జత కలుపుతుంది. అప్పటి నుంచి వాల్వులు పెద్ద క్యామ్ మీద నడుస్తాయి, మరింత తెరుచుకుంటాయి. నింపాదిగా వెళ్లేటప్పుడు పెట్రోలు పొదుపు, పైకి వెళ్లాక జోరు. రెండు స్వభావాలూ ఒకే ఇంజిన్‌లో ఇమిడి ఉంటాయి.

ఇంజిన్ ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. తుక్కు యార్డులో కొనేముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడాలి. నాలుగింట్లో అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఇంజిన్ నంబరుకు కాగితాలు ఉండి తీరాలి. హోండాలకు గిరాకీ పెరిగిన రోజుల్లో ఇంజిన్ల కోసమే బండ్లు దొంగతనమయ్యాయి, ఎవరి ఇంటి ముందు నుంచో మాయమైన ఇంజిన్‌తో కట్టిన బండి ఎంత వేగంగా పరిగెత్తినా దానికి గౌరవం లేదు. మంచి ఇంజిన్ దొరికాక అది బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చేయాలి. బండిలోకి దిగాక ఇదే పనికి రెట్టింపు శ్రమ పడుతుంది.

అత్తారింటికి వచ్చే కొత్తకోడలిలా ఈ ఇంజిన్ తన సారె వెంట తెచ్చుకుంటుంది. సీఎక్స్‌లోని డి సిరీస్ గేర్‌బాక్సు బి సిరీస్ ఇంజిన్‌కు అతకదు. అందుకని ఇంటెగ్రా గేర్‌బాక్సు, దాని డ్రైవ్ షాఫ్టులు, మధ్య షాఫ్టు, గేరు లింకేజీ, మౌంట్ బ్రాకెట్లు, కంప్యూటర్ అన్నీ కలిపి కొనాలి. విడివిడిగా వెతికితే ఏదో ఒక చిన్న బ్రాకెట్ దగ్గర పని వారాల తరబడి ఆగిపోతుంది. క్లచ్ విషయం కూడా ముందే చూసుకోవాలి. ఈ తరం సివిక్‌కు హైడ్రాలిక్ క్లచ్. 1989 నాటి జపాన్ బి16ఏతో వచ్చే గేర్‌బాక్సు కేబుల్‌తో నడిచేది. తెలియక అది తెచ్చుకుంటే మరో ఖర్చు నెత్తిన పడుతుంది.

పాత ఇంజిన్ విప్పేటప్పుడు ప్రతి వైరుకూ చీటీ కట్టాలి, ప్రతి బోల్టునూ అది ఉన్న చోటు రాసిన కవరులో వేయాలి. ఆయిల్, కూలెంట్ తీసి, డ్రైవ్ షాఫ్టులు ఊడదీసి, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే పైకి లాగాలి. కొత్తదాన్ని దించేటప్పుడు మౌంట్ బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించాలి. ఇంజిన్ బరువు మౌంట్ల మీద సరిగ్గా కూర్చున్నాకే స్పానర్ పట్టాలి. ఒక వైపు ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఇక బండి నడిచినంతకాలం స్టీరింగ్‌లో వణుకు తగులుతూనే ఉంటుంది.

ఓపికకు అసలు పరీక్ష వైరింగ్. సీఎక్స్ వైరింగ్‌లో వీటెక్ సొలెనాయిడ్‌కు గానీ, ఆయిల్ ఒత్తిడి స్విచ్‌కు గానీ, నాక్ సెన్సర్‌కు గానీ, జీఎస్‌ఆర్ ఇన్‌టేక్ లోపలి రెండో జత తలుపులకు గానీ తీగలు లేవు. వాటిని కొత్తగా లాగి, జీఎస్‌ఆర్ కంప్యూటర్ పిన్నుల్లో ఒక్కొక్కటే కలపాలి. ఒత్తిడి స్విచ్ నుంచి కబురు రాకపోతే కంప్యూటర్ వీటెక్‌ను పనిచేయనివ్వదు. ఎర్త్ వైరు ఒక్కటి మరిచిపోతే సెల్ఫ్ తిరగక మొరాయిస్తుంది. ఇక్కడ అడ్డదారులు లేవు. సర్క్యూట్ బొమ్మ ముందు పెట్టుకుని, మీటరు చేతబట్టి, తీగ తర్వాత తీగ చూసుకుంటూ వెళ్లడమే.

చాలామంది డబ్బు అయిపోయి ఆగేది బ్రేకుల దగ్గర. సీఎక్స్‌కు ముందు చిన్న డిస్కులు, వెనక డ్రమ్ములు. 70 హార్స్‌పవర్‌కు అవి చాలు. 170కి చాలవు. ఇంటెగ్రా నుంచి 262 మిల్లీమీటర్ల ముందు డిస్కులు, వెనక డిస్కులు తెచ్చి, వాటికి తగిన మాస్టర్ సిలిండర్, బ్రేకు ఒత్తిడిని ముందు వెనక చక్రాలకు పంచే వాల్వు కూడా మార్చాలి. రేడియేటర్ మందంగా ఉండాలి. ముందు బరువు పెరిగింది కనుక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కూడా చూసుకోవాలి. బడ్జెట్ రాసేటప్పుడు బ్రేకులను మొదటి వరుసలో రాసినవాడే ఈ పని తెలిసినవాడు.

ఈ సంప్రదాయం పుట్టిన కాలిఫోర్నియాలోనే దీనికి నిబంధనలు ఎక్కువ. పెట్టే ఇంజిన్ బండి మోడల్ సంవత్సరానిదే కావాలి, లేదా అంతకంటే కొత్తదై ఉండాలి. 1992 సివిక్‌లో 1994 ఇంజిన్ చెల్లుతుంది. 1995 సివిక్‌లో అదే ఇంజిన్ చెల్లదు. ఆ ఇంజిన్‌తో కంపెనీ ఇచ్చిన పొగ నియంత్రణ పరికరాలన్నీ బండిలో ఉండాలి. ప్రభుత్వం నియమించిన రెఫరీ ఒక్కొక్కటీ పరీక్షించి, సరిపోతే స్టిక్కర్ అంటిస్తాడు. ఈ నిబంధనలను శత్రువులుగా చూడనక్కరలేదు. పక్కవాడి ఊపిరికి హాని చేయకుండా పని పూర్తి చేయడం కూడా నైపుణ్యంలో భాగమే.

మన దగ్గర పరిస్థితి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పాత ఇంజిన్ చెడితే అదే మేక్, అదే రకం ఇంజిన్‌ను అనుమతితో వేసుకోవచ్చు. రోడ్డు మీద తిరిగే బండికి ఇక్కడ ఆ గీత దాటకూడదు.

అయినా ఈ విద్య మనకూ అక్కరకు వస్తుంది. పాడైన విడిభాగం తీసి కొత్తది వేసేవాడికి ఆ భాగం ఒక్కటే తెలుస్తుంది. ఇంజిన్ మార్చినవాడికి క్లచ్ గేర్‌బాక్సుతో, గేర్‌బాక్సు షాఫ్టులతో, షాఫ్టులు చక్రాలతో, చక్రాలు బ్రేకులతో ఎలా ముడిపడి ఉన్నాయో చేతుల ద్వారా తెలుస్తుంది. గుద్దుకుని తుక్కుకు చేరిన ఇంటెగ్రా నుంచి మంచి ఇంజిన్ బతికి బయటపడుతుంది. ఎవరూ లెక్కచేయని సీఎక్స్‌కు మరో ఇరవై ఏళ్ల ఆయుష్షు దొరుకుతుంది. కుర్రవాళ్లకు ఈ పని నేర్పేవాళ్లు చెప్పాల్సిన మాట ఒకటుంది: ముందు బండి ఆగేలా చెయ్యి, తర్వాత తిరిగేలా చెయ్యి, వేగం చివర చూసుకో. ఆ వేగాన్ని కూడా ట్రాక్ మీదనే తేల్చుకో. ఈ వరుస తప్పకుండా కట్టిన బండిని నడపడానికి ఎవరికైనా ధైర్యంగా తాళం ఇవ్వొచ్చు.