దుష్యంతుని మనస్సాక్ష్యము

శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుఁడు శకుంతలను వలచిన పిదపనే యామె కులమును విచారించెను. బ్రాహ్మణకన్య యైనచో క్షత్రియునకుఁ దగదు. కణ్వునకు అసవర్ణభార్యయందుఁ బుట్టినదేమో యని యాశపడి, తన మనస్సు కోరినది గనుక నామె యర్హురాలే యనియు, సందేహస్థలముల సజ్జనుల యంతఃకరణమే ప్రమాణ మనియు నిశ్చయించుకొనెను.

ఈ మాటను కుమారిలభట్టు తంత్రవార్తికమున ధర్మచర్చలో నుదాహరించెను. నాటకమున నది ధర్మవాక్యము గాదు. కోరిక తన పక్షమునఁ జెప్పుకొన్న వాదము. రాజునకును ఆ సంగతి తెలియును. కనుకనే నిజ మరయుదు నని వెంటనే యనుకొనెను.

పంచమాంకమున శాపగ్రస్తమైన యా యంతఃకరణమే గర్భిణియైన భార్యను నిరాకరించెను. షష్ఠాంకమున ఉంగరమై వచ్చిన ప్రమాణమో, రక్షకభటులు వృత్తి నెత్తి పరిహసించిన జాలరి చేతిది.

కులవిషయమున మన మనస్సు చెప్పు తీర్పును ధర్మ మనుటకు ముందు, అది యే కోరికకు సాక్షియో విచారింపవలదా?