ఆ ఫోటోలో నిలబడ్డదెవరు?

అమెరికాలో 1930ల చివరి నుంచి 1950ల దాకా తీసిన ఒక కోవ ఫోటోలున్నాయి. వీధి మూల పత్రికల దుకాణం. దండెం మీద బట్టలారేసినట్టు వరసగా వేలాడే కామిక్ పుస్తకాలు. వాటి ముందు నిలబడి, కొనకుండానే చదివేస్తున్న పిల్లకాయలు. గట్టుమీద కూచుని ఒకే పుస్తకంలో తలలు దూర్చిన ఇద్దరు ముగ్గురు. ఇప్పుడు వాటిని పుస్తకాలుగా వేస్తున్నారు, గోడలకు తగిలిస్తున్నారు. చూసినవాళ్ళంతా ‘ఆహా, బాల్యమంటే అదీ!’ అంటున్నారు.

బాల్యం సరే. ఎవరి బాల్యం?

ఈ ప్రశ్న అడిగితే కొందరికి చిరాకు. పిల్లల ఫోటోలో కూడా కులం, రంగు వెతుకుతారా అంటారు. మేం వెతకాల్సిన పనిలేదు. అది మాకు ముందే కనపడుతుంది. ఎండలో నడిచేవాడికి నేల కాలుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు గదా.

జాన్ వేచన్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికా ప్రభుత్వం పల్లెల్ని, పేదల్ని ఫోటోలు తీయించిన శాఖలో పనిచేశాడు. 1935 నుంచి 1944 దాకా ఆ పని కింద పోగైన నెగటివ్‌లు సుమారు లక్షా డెబ్బై అయిదు వేలు. వేచన్ 1938 నవంబర్‌లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా ఊళ్ళో ఒక పత్రికల దుకాణాన్ని ఫోటో తీశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో నార్త్ కరోలినా రాష్ట్రం హాలిఫాక్స్‌లో కోర్టు ముందున్న తాగునీటి పంపును ఫోటో తీశాడు. పంపు దగ్గర ఒక నల్లపిల్లవాడు. ఆ నీళ్ళు ఎవరికో చెప్పే బోర్డు ఒకటి: ‘కలర్డ్’. సూపర్‌మాన్ మొదటిసారి కనపడ్డ ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక వచ్చిందీ 1938లోనే. ధర పది సెంట్లు.

అదే కన్ను, అదే కెమెరా పని, అదే ఏడాది. దుకాణం ఫోటో తీపి జ్ఞాపకాల ఆల్బంలోకి పోయింది. పంపు ఫోటో వర్ణవివక్ష పాఠంలోకి పోయింది. వేచన్‌ను నేను తప్పు పట్టను. ఆయన రెండూ తీశాడు. రెండింటినీ విడగొట్టింది తర్వాత చూసినవాళ్ళు. పత్రికల ముందు నిలబడ్డ పిల్లల్ని ‘బాల్యం’ అన్నారు. నీళ్ళ దగ్గర నిలబడ్డ పిల్లవాణ్ణి ‘సమస్య’ అన్నారు. వాడు పిల్లవాడు కాదా? వాడికి బొమ్మల పుస్తకమంటే ఇష్టం ఉండదా? ఈ రెండు ఫోటోల్నీ ఒకే పేజీలో పెట్టి చూడటమే నా దృష్టిలో విమర్శ.

ఆ ఫోటోల్లో అందర్నీ మురిపించేది ఆ పిల్లల నిలబడే తీరు. ఒంటికాలి మీద ఒరిగి, భుజం దుకాణానికి ఆనించి, లోకాన్ని మరిచిపోయి నిలబడతారు. దాన్ని అమాయకత్వం అంటారు. నేను దాన్ని హక్కు అంటాను. తనను తరమరు, కసరరు అని లోపల గట్టిగా తెలిసినవాడే అట్టా ఆనుకుని నిలబడగలడు.

మా ఊరికి దగ్గర బస్టాండులో ఒక పుస్తకాల కొట్టుండేది. చందమామ, బాలమిత్ర తాడుకు వేలాడేవి. మా అమ్మ మిరపకాయ కోతలకు పోతూ నన్ను వెంట తీసుకుపోయినప్పుడు బస్సు వచ్చేదాకా వాటిని చూసేవాణ్ణి. దగ్గరికి పోతే కొట్టాయన “ఏ పేటరా మీది? ముట్టుకోబాక” అనేవాడు. పుస్తకం ముట్టుకోవద్దన్నాడా, ఇంకేదన్నా అన్నాడా అని ఆలోచించే అవసరం నాకు రాలేదు. ముందు మాట విన్నాను గదా. అందుకని నేను అట్టల పాఠకుణ్ణి అయినాను. లోపలి కథ దొరికింది పొట్లం కాయితాల్లో. శనక్కాయలు తిన్నాక కాయితం సాపు చేసుకుని చదివేవాణ్ణి. ఏ కథకీ మొదలుంటే చివర ఉండేది కాదు. ఇంట్లో చదువొచ్చినవాళ్ళు లేరు, మిగతా కథేందని అడగటానికి.

నల్లపిల్లలు కామిక్స్ చదవలేదని నేననటం లేదు. చదివారు. పది సెంట్లు ఇస్తే అమ్మారు. పైసకు అంటు లేదు, మనిషికే అంటు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో చిన్నా చితకా సరుకులు కొన్నారు. డబ్బు తీసుకున్నారు. అదే దుకాణంలో తిండి బల్ల దగ్గర కూచుంటే వడ్డించలేదు. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు దీన్ని ఎవరూ అనువాదం చేసి చెప్పక్కర్లేదు.

సరే, పిల్లవాడు పుస్తకం కొన్నాడు. లోపల ఏముంది? ‘కెప్టెన్ మార్వెల్’ కథల్లో స్టీంబోట్ అనే నల్లజాతి నౌకరుండేవాడు. దొప్ప పెదాలు, వంకర మాటలు, ఎగతాళి కోసమే పుట్టించిన మనిషి. తన పది సెంట్లు పెట్టి కొన్న పుస్తకంలో తన అవమానమే రంగుల్లో ఉంటే ఆ పిల్లవాడి ముఖం ఎట్టా ఉంటుంది? ఏ కెమెరా ఆ ముఖాన్ని వెతకలేదు. అయితే 1945లో న్యూయార్క్ బడిపిల్లలు కొందరు ఫాసెట్ ప్రచురణ సంస్థ ఆఫీసుకే పోయి, ఇది మా జాతి బొమ్మ కాదని నిలదీశారు. స్టీంబోట్‌ను తీసేశారు. ఈ కోవ ఫోటోలు చూసేవాళ్ళు పిల్లలంటే నోరు తెరుచుకుని చదివేవాళ్ళే అనుకుంటారు. చదివి ఎదురు తిరిగేవాళ్ళు కూడా పిల్లలే. పంతులుగా నాకు ఈ రెండో పిల్లలే ఎక్కువ కావాలి.

ఎదురు తిరగటంతో అయిపోదు. మన పుస్తకం మనం వెయ్యాలి. 1947 జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పత్రికా విలేఖరి ‘ఆల్-నీగ్రో కామిక్స్’ వేశాడు. రాసినవాళ్ళు, గీసినవాళ్ళు అంతా నల్లవాళ్ళే. ధర పదిహేను సెంట్లు. రెండో సంచిక సిద్ధం చేసుకున్నాడు గానీ ఆయనకు కాగితం అమ్మేవాళ్ళు లేకపోయారు. ఒక్క సంచికతో ఆగింది. మరుసటి నెల జూలైలోనే మద్రాసులో మన చందమామ మొదలైంది. అది 2013 దాకా బతికింది. దాని బొమ్మల అందాన్ని నేను కాదనను. కానీ నాకు దొరికిన కాయితాల్లో రాజులు, మంత్రులు, పండితులు, వర్తకులు ఉన్నారు. చెప్పు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు నడిపించిన కథ ఒక్కటి తగల్లేదు. ఏ పుస్తకానికి కాగితం దొరికింది, దేనికి దొరకలేదు అనేది కూడా సాహిత్య చరిత్రే.

ఇంకో పుస్తకముంది. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మీద, మార్టిన్ లూథర్ కింగ్ మీద 1957లో వచ్చిన పదహారు పేజీల కామిక్. దాన్ని ముఖ్యంగా చర్చీల ద్వారా, ఉద్యమ సంఘాల ద్వారా చేతి నుంచి చేతికి పంచారు. జాన్ లూయిస్ దాన్ని చదివినవాడు. 1956లో, పదహారేళ్ళ వయసులో, అలబామాలోని ట్రాయ్ ఊరి గ్రంథాలయానికి కార్డు కోసం పోతే ఇది తెల్లవాళ్ళకే అని పంపేశారు. ఆయనే ఉద్యమంలో దెబ్బలు తిని, పార్లమెంటు సభ్యుడై, 2013 నుంచి ‘మార్చ్’ పేరుతో తన జీవితాన్నే బొమ్మల పుస్తకంగా మూడు భాగాల్లో తెచ్చాడు. మూడో భాగానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. చేతి నుంచి చేతికి పోయే పాఠకుణ్ణి దుకాణం ముందు ఎంత వెతికినా ఏ ఫోటోలోనూ దొరకడు.

గోర్డన్ పార్క్స్ నల్లజాతి ఫోటోగ్రాఫర్. 1956లో అలబామా రాష్ట్రం మొబీల్‌లో ఆయన తీసిన ఫోటోలో ఆరుగురు నల్లపిల్లలు కంచె ఇవతల నిలబడి అవతలి ఆటస్థలాన్ని చూస్తున్నారు. వాళ్ళకు అందులోకి ప్రవేశం లేదు. ఆయన కెమెరా కంచెకు ఇవతల, పిల్లల వెనకాల ఉంది. అందుకే మనం కూడా కంచెలోంచే చూస్తాం. ఎవరి పక్కన నిలబడి తీశారన్నదాన్ని బట్టి ఫోటో అర్థం మారుతుంది. కథైనా అంతే, కవితైనా అంతే.

డాక్టర్ అంబేడ్కర్ 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి ఆ ఫోటోలు నాకు పరాయివి కావు. 2011లో అంబేడ్కర్ జీవితం మీద దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీసిన ‘భీమాయన’ వచ్చింది. అందులో దాహంతో ఉన్న పిల్లవాడి కథ చూస్తే హాలిఫాక్స్ పంపు దగ్గరి పిల్లవాడే గుర్తొస్తాడు.

చాలా బడుల్లో పుస్తకాలు చినిగిపోతాయని బీరువాకు తాళం వేస్తారు. చినిగితే ఏం? చదివిన పుస్తకమే చినుగుతుంది. మా బడిలో బొమ్మల పుస్తకాలు ఇప్పుడు వరండాలో తాడుకు వేలాడుతున్నాయి. మా వాడల పిల్లలు గోడకు ఆనుకుని, ఒంటికాలి మీద ఒరిగి చదువుతున్నారు. “సార్, దీంట్లో మనోళ్ళెవరూ లేరేంది?” అని మొన్నొక పిల్ల అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సింది మనమే.