గోలు ముంగిట కుర్రవాడు

ఈ వారము నాకు కోపము తెప్పించినవారు ఇద్దరు. ఒకరి పేరు నేనెరుగను; రెండవవాని పేరు ఎరిగియు చెప్పను, ఏలయనగా అతడు నా మేనల్లుడు. మొదటియాయన చేవెళ్ళలో బస్సెక్కి, నా ముందటి సీటున కూర్చుండి, దారికిరువైపుల మర్రిమానులు కొమ్మలు కలుపుకొని నీడ పరచుచుండగా వానివంక కన్నెత్తియైనను చూడక, అజీజ్‌నగరు వచ్చువరకు ప్రక్కవానితో ఫుట్‌బాల్ మాటలే మాటలాడినాడు. టమాటా ధర, ఎకరము ధర, క్రికెట్టు అను మూడు ప్రసంగములకు తప్ప నాల్గవదానికి చోటులేని ఆ బస్సులో ఫుట్‌బాల్ మాట వినబడుటయే పండుగ. కావున నేను సంతోషముతోనే చెవి యొగ్గితిని. విన్నది మాత్రము ఇది:

“గా పోరన్ని దీస్కొని ఏం జేస్తరన్నా? అసలే టీమ్ కిందికి వోతున్నది. పందొమ్మిదేండ్ల పిలగాడు ముంగట నిలవడితే గోల్స్ అయితయా? పైసలు వెట్టి బయటి దేశపోన్ని దేవాలె.”

ఆ కుర్రవాడెవడో, క్లబ్బువారి చెవిని అతని పేరు పడినదో లేదో, అది బస్సులోని మాట, బస్సులోనే విడిచివేయుదము. ప్రశ్న మాత్రము విడువదగినది కాదు.

ఆయన అన్న ఆ టీము, శ్రీనిధి దక్కన్, మనకు పొరుగింటి జట్టు. శ్రీనిధి విద్యాసంస్థలవారు 2015లో దీనిని నెలకొల్పినారు. 2020లో అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగులో ప్రవేశము నిచ్చునప్పటికి దీని ఊరు విశాఖపట్టణము. తరువాత మన మొయినాబాదు మండలమునకు, అజీజ్‌నగరులోని దక్కన్ అరీనాకు వచ్చి కుదురుకొన్నది. ఆడిన మొదటి సంవత్సరమే, అనగా 2021-22లో, మూడవ స్థానము. ఆపై రెండేండ్లును వరుసగా రెండవ స్థానము. ఐ-లీగు విజేతకు పైశ్రేణి లీగగు ఐ.ఎస్.ఎల్. తలుపు తెరచియుంచిన ఆ రెండేండ్లలో ఒకమారు పంజాబువారును, ఒకమారు కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగువారును లోపలికి పోగా, మనవారు గడపయొద్దనే నిలిచిపోయినారు. అటుపిమ్మట పట్టికలో క్రిందికి జారినారు. ఆ జారుపాటు చూచిన పొరుగువాడు బస్సులో రెండు మాటలన్నాడన్న తప్పుపట్టలేము.

పైగా, ఈ శీర్షికను విడువక చదువువారికి తెలిసిన సంగతియే, ఆయన పాడినది నా పాతపాట. పడిపోవుచున్న జట్టు పసివానిని గోలు ముంగిట నిలుపరాదని నేను ఎన్నిమారులు వ్రాసితినో! సెంటర్ ఫార్వర్డన్నవాడు తొంబది నిమిషములలో తక్కినవారికంటె బంతిని తక్కువసారులు తాకువాడు. వానికి అన్నము పెట్టువారు మధ్యస్థలమున ఆడువారు. జట్టు బలహీనమైనప్పుడు ఆ మధ్యవారందరును తమ గోలును కాచుకొనుటకు వెనుకకు పోవుదురు; ముందర ఒంటరిగా మిగిలినవానికి వెనుకనుండి ఎత్తుగా, దూరముగా, దిక్కుతోచక కొట్టిన బంతులే గతి; గోలుకు వీపు పెట్టి, ముప్పదియేండ్ల డిఫెండర్ల నడుమ, వారి మోచేతుల పోటులు పక్కటెముకలలో దిగుచుండగా ఎగిరి తలతో అందుకొనవలెను. అందలేదా, గ్యాలరీలోనుండి తిట్లు. ఇట్లు రెండు ఋతువులు గడచునప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు పనికిరానివాడని ముద్రపడును.

మన కన్నులయెదుటనే ఇది జరిగినది గదా! 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి.కి ఆ యేడు గోల్స్ కొట్టిపెట్టినవాడు పందొమ్మిదేండ్ల పిల్లవాడు కాడు, 37 ఏండ్ల బార్తలోమ్యూ ఒగ్బెచే. అతడొక్కడే 18 కొట్టినాడు. రెండేండ్లు తిరుగకముందే జీతములు నిలిచి, విదేశీయులు వెడలిపోయి, క్రొత్తవారిని చేర్చుకొనుటపై నిషేధము పడి, కుర్రవాండ్రను ముందుకు త్రోసి ఆడించిన 2023-24లో ఆ జట్టు గెలిచినది ఒకేయొక్క ఆట. మొత్తము 8 పాయింట్లతో అట్టడుగున నిలిచినది. ఓడినందుకు వారిని తప్పుపట్టువాడను కాను. ఇల్లు తగులబడుచుండగా నీళ్ళు మోయించినది పిల్లలచేతనా అన్నదే నా బాధ. కడకు 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి, పేరు కూడ మార్చుకొన్నది. నగరమునకు మిగిలినదేమన్న, మన మొయినాబాదు జట్టే.

ఇక మేనల్లుడు. చిలుకూరు బాలాజీ గుడిలో పదునొకండు ప్రదక్షిణములు చేసి, వీసా వచ్చినపిమ్మట నూటయెనిమిది చెల్లించి మెల్బోర్న్ చేరిన వేలాది మందిలో అతడొకడు. ఆదివారమునాడు ఫోను చేసి, “మామయ్యా, మా క్లబ్బు అడుక్కి పోయింది. పద్దెనిమిదేళ్ల ఫార్వర్డుని తీసుకుందామంటున్నారు. నువ్వయితే ఏమంటావు?” అన్నాడు. ఇంటికి కూతవేటు దూరమున దక్కన్ అరీనా ఉండగా ఒక్కమారును అడుగుపెట్టనివాడు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో ప్రక్కకు పదునెనిమిదిమంది చొప్పున ఆడు ఆస్ట్రేలియా ఫుట్‌బాలునుగూర్చి నన్నడిగినాడు. కోపము రాదా? అయినను, అడిగినవాడు మేనల్లుడు, అడిగినది ఫార్వర్డునుగూర్చి. కోపము దిగమ్రింగి వింటిని.

ఆ ఆటలో నడిమి రెండు స్తంభముల మధ్యగా బంతిని తన్నినవానికి ఆరు పాయింట్లు, వాని ప్రక్క చిన్నస్తంభములలోనుండి పోయినచో ఒకటి. నాకు నచ్చినది ఆ లెక్క కాదు, మరియొకటి. 1986నుండి వారికొక ఏర్పాటు కలదు: ఏటేట క్రొత్త కుర్రవాండ్రను ఎన్నుకొనునప్పుడు పట్టికలో కడపట నిలిచిన జట్టుకే మొదటి ఎంపిక. పెండ్లిపంక్తిలో కడగొట్టు విస్తరినుండి వడ్డన మొదలుపెట్టినట్లు! మన దేశమున ఉన్నవానికే నేయి, లేనివానికి మజ్జిగ.

మేనల్లుడు నాకు వినిపించిన కథ టామ్ బాయిడ్‌ది. 2013 ఎంపికలో మొదటివాడు, ఎత్తరి, ఫార్వర్డు. ఒక్క యేడాది ఒక జట్టునకాడి, 2014 అక్టోబరులో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు వచ్చినాడు. ఆ క్లబ్బు అప్పటికి పదునెనిమిది జట్లలో పదునాల్గవది, నాయకుడు విడిచిపోయెను, కోచి రాజీనామా చేసెను. అట్టి చోట పందొమ్మిదేండ్లవానితో ఏడేండ్లకు ఇంచుమించు డెబ్బదిలక్షల డాలర్ల ఒప్పందము! నవ్వనివాడు లేడట. 2016 తుదిపోరులో, 1954 తరువాత మరల కప్పు నెరుగని ఆ క్లబ్బుకు, ఆ పిల్లవాడే మూడు గోల్స్ కొట్టినాడు. కడపటి భాగమున బహుదూరమునుండి తన్నిన ఒకటి నేలబడి దొర్లుచు పోయి స్తంభముల నడుమ దూరినది. “చూశావా మామయ్యా!” అని మేనల్లుడు గెలిచినట్లే పలికినాడు. నేను తరువాతి సంగతి అడిగితిని. 2019లో, 23 ఏండ్లకే, మనస్సు అలసినదని చెప్పి బాయిడ్ ఆట మానుకొన్నాడు. ఫోనులో కొంతసేపు మాటలేదు.

మెల్బోర్న్ అన్న మాట వినినంతనే నాకు తోచునది వేరొక కథ. 1956 డిసెంబరు 1వ తేదీన ఆ నగరముననే మన జట్టు ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టినాడు. కడకు నాల్గవ స్థానము దక్కినది. ఆ జట్టును తీర్చినవాడు మన హైదరాబాదు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుచేత 1950నుండి 1954వరకు అయిదేండ్లు ఎడతెగక రోవర్స్ కప్పు గెలిపించినవాడు. రహీమును తలచితిననగా పాఠకులు నవ్వుకొందురని ఎరుగుదును; నవ్వుకొనుడు. ఆ జట్టును మెల్బోర్న్ చేర్చిన ఓడలోనో విమానములోనో కాదు, అంతకుముందు అమ్ముగూడనుండి ఫతే మైదానమునకు వచ్చు దారిలో నున్నది నా కథ.

సికిందరాబాదు శివారున అమ్ముగూడలో పేదయింట పుట్టినవాడు తులసీదాసు బలరాము. ఫార్వర్డు. రహీము వానిని చూచి, సంతోష్ ట్రోఫీ జట్టు సాధనకు రమ్మన్నాడు. రమ్మనుట తేలిక, వచ్చుటెట్లు? బస్సుకు డబ్బులేదు. రహీము దినమునకొక రూపాయి ఇచ్చి అద్దె సైకిలు మీద రమ్మన్నాడట. ఈ సంగతి బలరామే ముసలితనమున చెప్పుకొన్నాడు. అద్దె సైకిలు! ఆనాటి సైకిలుషాపులలో గంటకింత అని పలకమీద వ్రాసికొని, బ్రేకులు పనిచేయని బండి నిచ్చి, ఆలస్యమైనచో మరునాడు మొగము మాడ్చుకొను షాపువాని నెరిగినవారికి ఆ రూపాయి విలువ తెలియును. అమ్ముగూడనుండి అంత దూరము త్రొక్కి, మైదానమున పరుగెత్తి, మరల అంత దూరము త్రొక్కి ఇల్లు చేరు కుర్రవాని పిక్కలలోని బలము ఏ శిక్షణశాల ఇచ్చినది? 1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆ యేడే, ఇరువది యేండ్ల వయస్సున, బలరాము మెల్బోర్న్ వెళ్ళినాడు. మరుసటి యేట ఈస్ట్ బెంగాల్ వారు కలకత్తాకు తీసికొనిపోయినారు. 1960 రోములో హంగరీపైన ఒకటి, పెరూపైన ఒకటి కొట్టినాడు. 1962లో జకార్తా ఏషియన్ క్రీడల స్వర్ణపతకము. 1963లో అనారోగ్యమువలన ఆట ముగిసినది, వయస్సు ముప్పది నిండనేలేదు. 2023 ఫిబ్రవరిలో బంగాళములోనే కన్నుమూసినాడు. అమ్ముగూడలో వానిని గుర్తుచేయు మైదానమొకటి కావలెనని నేను వ్రాయుట, పాఠకులు చదువుట, ఎవరును కదలకుండుట, ఇదియొక వ్రతమైనది.

ఇన్నాళ్ళును ఈ కథను నేను కలకత్తామీద ఫిర్యాదుగా చెప్పుచు వచ్చితిని: మనము పెంచుట, వారు ఎత్తుకొనిపోవుట. ఈ వారము మేనల్లుని ఫోను పెట్టివేసినతరువాత, బస్సులోని ఆ పెద్దమనిషిమీది కోపము చల్లారక, దానినే మరియొక వైపునుండి త్రిప్పి చూచితిని. బలరామును తీసికొన్ననాడు రహీము చూచినది ఈ పిల్లవాడు మనకెన్ని గోల్స్ కొట్టునన్న లెక్కను కాదు. పిల్లవాడు మైదానము చేరు దారినిగూర్చి ఆలోచించినాడు. పైనున్న జట్టుకు అట్టి ఆలోచన పట్టదు; దానికి పేరుపడిన ఫార్వర్డులుందురు, కుర్రవాడు ఏడాది పొడవునను బెంచిమీద కూర్చుండి నీళ్ళసీసాలు అందించును. ఆడు నిమిషములు, తప్పు చేయు నిమిషములు, ఇవి ఇచ్చుటకు తీరికగలది పడిన జట్టు ఒక్కటే. దానికి పోగొట్టుకొనుటకు రెండవ స్థానము కూడ లేదు గదా! తీసికొనవలెను. పందొమ్మిది కాదు, పదియేడేండ్లవాడైనను తీసికొనవలెను.

అయితే గోలు ముంగిట ఒంటరిగా నిలుపుమని నేననలేదు. జకార్తాలో రహీము ఏమి చేసినాడు? థాయిలాండుతో ఆటలో తల పగిలి ఆరు కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగును సెమీఫైనలులోను ఫైనలులోను సెంటర్ ఫార్వర్డుగా నిలిపినాడు. దక్షిణ కొరియాపై 2-1గా ముగిసిన తుదిపోరులో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ కట్టుకట్టిన తలది. మోచేతిపోట్లు తినుట ఎదిగినవాని పని. పిల్లవానిని మొదటి యేడు ప్రక్కన, రెక్కమీద ఆడింపవలెను. విదేశీయుని తెచ్చినను తెండు. ఇద్దరికిని బంతి అందించు మధ్యవానిని మాత్రము మరువకుడు. తరువాత వాడు కలకత్తాకో గోవాకో పోవును. పోనిండు. దేశముదాటి అమ్ముడుపోయినచో ఆ మూల్యములో నూటికి 5 వంతున, 12వ యేటినుండి 23వ యేటివరకు వానికి ఆట నేర్పిన క్లబ్బులన్నింటికిని పంచవలెనని ఫిఫా నియమమే యున్నది. పదునెకరముల తోటబంగళాలకు గోడలు కట్టుచున్న మొయినాబాదులో, ఆ సొమ్ముతో పిల్లలకొక మైదానము మిగిలినచో అదియే పదివేలు.

చేవెళ్ళలో మొరము నేలమీద ఆడు పిల్లలను నేను సాయంకాలపు నడకలో నిలిచి చూచుచుందును. బంతి రాతిమీద పడి ఎటు ఎగురునో తెలియక వారందరికిని ఒక అలవాటు పట్టినది: పాదము క్రింద త్రొక్కిపట్టి, అరక్షణము ఆగి, కుడికాలి వైపునకు తిప్పుకొని, అప్పుడు కొట్టుదురు. దక్కన్ అరీనా వంటి చదునైన చోట ఆ అరక్షణములో డిఫెండరు వచ్చి బంతి లాగికొనిపోవును. చూచువారికి పిల్లవాడు మందకొడివలె కనబడును. నేల నేర్పిన ఆలస్యమును పందొమ్మిదేండ్లవాడు కొన్ని నెలలలో మరువగలడు. రహీము బలహీనమైన కాలితోనే కొట్టవలెనను షరతుమీద పోటీలు పెట్టెడివాడు. ఎంపిక చేయు కోచిగారు మొదటి గంటలోనే పేరు కొట్టివేయక, ఆ కుర్రవానిచేత ఎడమకాలితో పది బంతులు, ఆపకుండ, వచ్చినది వచ్చినట్లు కొట్టించి చూతురు గాక.