ప్రశ్నకు తావివ్వని ఫైలు

అమెరికా హెచ్-1బి వీసా లాటరీలో పేరు వచ్చి, కొన్ని నెలలకు ఐ-797 అప్రూవల్ నోటీసు అందితే మన ఇళ్లలో ఆ ఒక్క కాగితం ఫోటో వాట్సాప్‌లో మేనమామల దాకా వెళ్తుంది. దాన్ని సంపాదించిపెట్టిన ఫైలును మాత్రం ఎవరూ చూడరు. తమ పేరు మీద దాఖలైన హెచ్-1బి పిటిషన్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివిన ఉద్యోగులు అరుదు. నాకు ఆ ఫైళ్లంటే గౌరవం. విదేశం నుంచి మనిషిని పనిలోకి తీసుకోవడానికి అమెరికా కంపెనీ ప్రభుత్వం ముందు పెట్టే ఆ కాగితాల కట్టను చక్కగా కూర్చినవాళ్ల పనితనం గురించి తెలుగులో ఒకసారైనా వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. లాయర్ల ఆఫీసుల్లో పారాలీగల్ అన్న హోదాతో పనిచేసే వీళ్లను ఫారాలు నింపేవాళ్లుగానే చూస్తారు చాలామంది. నిజానికి ఫారాలు నింపడం అందులో తేలికైన భాగం.

అసలు పని లేబర్ కండిషన్ అప్లికేషన్ దగ్గర మొదలవుతుంది. వ్యవహారంలో ఎల్‌సీఏ అంటారు. అమెరికా కార్మిక శాఖకు యజమాని నాలుగు హామీలు ఇచ్చే పత్రం ఇది: ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం గానీ, తన సంస్థలో అదే పని చేసేవాళ్లకు ఇస్తున్న జీతం గానీ, ఏది ఎక్కువైతే అది ఇస్తానని, ఈ మనిషి రాక వల్ల అక్కడివాళ్ల పని పరిస్థితులు దెబ్బతినవని, ఆ పనిచోట సమ్మె, లాకౌట్ లేవని, తోటి ఉద్యోగులకు నోటీసు ఇచ్చానని. శాఖ దీన్ని ఏడు పనిదినాల్లో తేల్చాలి. చూడ్డానికి చిన్న పత్రమే. కానీ తర్వాత ఫైలులోకి వచ్చే ప్రతి కాగితం దీనికి కట్టుబడి ఉండాలి.

ఎల్‌సీఏలో మొదటి నిర్ణయం ఉద్యోగపు కోడ్. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కు 15-1252, కంప్యూటర్ ప్రోగ్రామర్‌కు 15-1251. చివరి అంకె ఒక్కటే తేడా. ఆ తేడా మీద ఎన్ని కేసులు నిలబడ్డాయో, ఎన్ని పడిపోయాయో! 2017 మార్చి చివర్లో ఇమిగ్రేషన్ శాఖ ఒక మెమో ఇచ్చింది. ప్రోగ్రామర్ అన్నంత మాత్రాన అది డిగ్రీ తప్పనిసరైన ప్రత్యేక వృత్తి అని ఇకపై ఒప్పుకోబోమన్నది దాని సారం. 2020 డిసెంబర్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనను తప్పుపట్టింది. 2021 ఫిబ్రవరిలో శాఖ మెమోను వెనక్కి తీసుకుంది. మధ్యలో గడిచిన ఆ దాదాపు నాలుగేళ్లలో, ఏ కోడ్ సులువుగా పాసవుతుందని కాకుండా మనిషి నిజంగా చేసే పని ఏ కోడ్‌కు సరిపోతుందని అడిగినవాళ్లే గట్టి ఫైళ్లు కట్టారు.

రెండో నిర్ణయం వేతన స్థాయి. స్థాయిలు నాలుగు. ఉద్యోగానికి యజమాని అడుగుతున్న చదువు, అనుభవం, ప్రత్యేక నైపుణ్యం, కింద మనుషులను పర్యవేక్షించే బాధ్యత, వీటికి పాయింట్లు వేసుకుంటూ స్థాయి తేల్చాలి. ఎల్‌సీఏలో మొదటి స్థాయి జీతం చూపించి, కంపెనీ తరఫు లేఖలో మాత్రం "ఆరుగురు ఇంజనీర్ల బృందాన్ని స్వతంత్రంగా నడిపిస్తారు" అని రాశారనుకోండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివే అధికారికి ప్రశ్న అక్కడే పుడుతుంది. మంచి పారాలీగల్ ఆ లేఖ రాసేటప్పుడు ఎల్‌సీఏను పక్కనే తెరిచి ఉంచుకుంటారు. ఘనంగా వినిపించే మాట ఒకటి కలపాలని మేనేజర్ కోరినా, జీతం ఆ మాటను మోయలేకపోతే కొట్టేస్తారు. ఆ నిగ్రహం నాకు ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది.

ఇక ఫైలుకు ప్రాణం కంపెనీ తరఫున రాసే సపోర్ట్ లెటర్. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఒకే మూస తిరుగుతుంటుంది. పేరు మార్చడం, తేదీ మార్చడం, పంపేయడం. ఆ మూసలో ఉద్యోగ బాధ్యతలు ఇలా ఉంటాయి: "క్లయింట్ అవసరాలను విశ్లేషించి, నాణ్యమైన సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి, పరీక్షించి, అమలుచేస్తారు." ఇందులో అబద్ధం లేదు. కానీ దీన్ని చదివి ఆ మనిషి పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఎవరూ చెప్పలేరు. దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ ఎందుకు కావాలో అసలే చెప్పలేరు.

అదే ఉద్యోగాన్ని పని తెలిసిన చేయి రాస్తే ఎలా ఉంటుందో ఉదాహరణకు ఒక వరుస చూపిస్తాను. "బీమా క్లెయిమ్‌ల సమాచారం ప్రతి రాత్రీ మూడు వేర్వేరు వ్యవస్థల నుంచి వస్తుంది. ఒకే క్లెయిమ్ రెండుసార్లు నమోదైతే చెల్లింపుకు ముందే పట్టుకునే ప్రోగ్రాంను డిజైన్ చేస్తారు. సరిపోల్చే నియమాలు రాస్తారు. క్లెయిమ్‌ల సంఖ్య పెరిగినా తెల్లవారేలోగా పని పూర్తయ్యేలా డేటాబేస్ ఇండెక్సులు మారుస్తారు. పని సమయంలో 30 శాతం. ఇందుకు డేటాబేస్ వ్యవస్థలు, అల్గారిథమ్స్ కోర్సుల్లో నేర్చుకున్న జ్ఞానం కావాలి."

ఈ ఆరు వాక్యాల్లో ఒక్క విశేషణమైనా గొప్పలు పోవడం లేదు. ఏం పని, ఎందుకు, ఎంత సేపు, ఏ చదువుతో అన్న నాలుగు ప్రశ్నలకూ అధికారి అడగకముందే జవాబుంది. ఇలాంటి వరుసలు ఐదో ఆరో ఉంటాయి. శాతాలన్నీ కూడితే సరిగ్గా వంద రావాలి. ఆ వరుసల్లో రాసిన కోర్సుల పేర్లు అభ్యర్థి మార్కుల మెమోలో నిజంగా కనిపించాలి. చదువుకూ పనికీ ఉన్న ఈ ముడే ఇప్పుడు మరింత కీలకం. 2025 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, యజమాని అడిగే డిగ్రీకి ఆ ఉద్యోగ బాధ్యతలతో నేరుగా సంబంధం ఉండాలి. ఏ డిగ్రీ అయినా సరే అంటే కుదరదు.

ఇలాంటి వరుసలు రాయడానికి సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? మేనేజర్ దగ్గర తయారుగా ఉండదు. హెచ్‌ఆర్ పంపే ఉద్యోగ ప్రకటనలో అసలే ఉండదు. ఫోన్ చేసి, ఓపికగా అడిగి రాబట్టాలి. "మీ వాడు సోమవారం వచ్చి కూర్చోగానే ముందు ఏం తెరుస్తాడు? అతను వారం రోజులు సెలవు పెడితే ఏ పని ఆగుతుంది? ఆ పనిని డిగ్రీ లేనివాడికి ఇస్తే ఎక్కడ తప్పు చేస్తాడు?" ఇలాంటి ప్రశ్నలు వేయాలంటే సాఫ్ట్‌వేర్ కొంత తెలియాలి, చట్టం తెలియాలి, మనుషులతో మాట్లాడడం కూడా రావాలి. విని, సాంకేతికం తెలియని అధికారికి అర్థమయ్యేలా, తెలిసినవాళ్లు తప్పుపట్టకుండా రాయాలి. ఇంత చేశాక కింద సంతకం కంపెనీ ప్రతినిధిది.

మన తెలుగువాళ్ల ఫైళ్లలో ఈ పనివాళ్ల ఓపికకు అసలు పరీక్ష పేరు దగ్గర వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీ సర్టిఫికెట్లో పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో విడిగా ఉంటుంది. మొదటి ఉద్యోగపు సర్టిఫికెట్లో వెంకట, సత్య, నాగలు రాలిపోయి ఉత్త ప్రసాద్ మిగులుతాడు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే మొత్తం పేరు అమెరికా వీసాలో ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యు అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. ఇవన్నీ ఒకే మనిషివని అధికారి తనంతట తాను అనుకోడు. పేరు ఎన్ని రూపాల్లో ఉందో ముందే వరుసగా పట్టిక రాసి, అన్నీ ఒకరివేనని అఫిడవిట్ జతచేసి, ఫారంలో ఇతర పేర్ల గడిలో అవే రూపాలను అక్షరం తేడా లేకుండా దించిన ఫైలు చూస్తే, మన నామకరణ పద్ధతిని మనకన్నా శ్రద్ధగా అర్థం చేసుకున్నవాళ్లు దాన్ని కట్టారని తెలుస్తుంది.

చదువు సంగతీ అంతే. నాలుగేళ్ల బీటెక్‌తో పేచీ లేదు. మూడేళ్ల బీఎస్సీ, బీకాం ఒక్కటే ఉంటే అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి ఒక ఏడాది తక్కువ పడుతుంది. ఆ లోటును అనుభవంతో పూడ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. మూడేళ్ల అనుభవం ఒక ఏడాది చదువుకు సమానం. అయితే అదేదో పని చేసిన అనుభవమైతే సరిపోదు. ఆ రంగపు సిద్ధాంత జ్ఞానాన్ని వాడిన పని అయ్యుండాలి, డిగ్రీ ఉన్నవాళ్ల మధ్య చేసినదై ఉండాలి. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ సంస్థ చదువు విలువను మాత్రమే తేల్చగలదు. అనుభవానికి విలువ కట్టించాలంటే అలాంటి క్రెడిట్ ఇచ్చే అధికారం ఉన్న విశ్వవిద్యాలయ అధికారి లేఖ ఒక దారి. ఈ తేడా తెలియక ఒకే రిపోర్టులో రెండూ కలిపి పంపినవి తిరిగి ప్రశ్నలతో వస్తాయి. పైగా మన కంపెనీలు ఇచ్చే రిలీవింగ్ లెటర్లో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా తప్ప చేసిన పని ఒక్క ముక్క ఉండదు. ఆ కంపెనీ మూతపడి ఉంటే నాటి సహోద్యోగిని వెతికి, ఏ ప్రాజెక్టులో ఎవరు ఏం చేశారో ప్రమాణపత్రం రాయించాలి. ఇంత తవ్వకం జరిగిందని ఆ అభ్యర్థికి కూడా తెలియకపోవచ్చు.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లేవాళ్ల ఫైళ్లు మరో మెట్టు కష్టం. జీతమిచ్చేది ఒకరు, పని జరిగేది మరొకరి దగ్గర, మధ్యలో ఒకరిద్దరు వెండర్లు. ఇమిగ్రేషన్ శాఖ 2010 జనవరి నాటి మెమో ఒకటి ఉద్యోగి మీద అజమాయిషీ యజమానిదేనని రుజువు చేయమంది. 2020 మార్చిలో ఒక కోర్టు ఆ పద్ధతిని కొట్టేసేదాకా పదేళ్లు ఈ ఫైళ్లు చాలా బరువెక్కాయి. 2025 నిబంధనల్లో, మనిషిని ఎండ్ క్లయింట్‌కు అప్పగించి పనిచేయిస్తుంటే ఆ క్లయింట్ పెట్టే అర్హతలే లెక్కలోకి వస్తాయి. అంటే క్లయింట్ లెటర్, ఒప్పందం, వర్క్ ఆర్డర్, సపోర్ట్ లెటర్ నాలుగూ ఒకే పనిని, ఒకే చిరునామాను, ఒకే డిగ్రీని చెప్పాలి. ఆ చిరునామా వేరే మహానగర ప్రాంతానికి మారితే సవరణ పిటిషన్ వేయాల్సిందేనని 2015లోనే తేల్చారు. వీటిని ఒకదానితో ఒకటి సరిచూసే పని మల్లెమాల కట్టడం లాంటిది. దారం కనిపించకూడదు, ఒక్క పువ్వూ జారకూడదు.

ఎంత బాగా కట్టినా ఒక్కోసారి ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది. మరిన్ని ఆధారాలు పంపమన్న నోటీసు అది. జవాబుకు గరిష్ఠంగా 84 రోజులు, పోస్టులో వస్తే మరో మూడు. జవాబు ఒక్కసారే, అంతా కలిపే పంపాలి. తర్వాత గుర్తొచ్చిందని ఇంకో కాగితం పంపడానికి వీల్లేదు. ఈ జవాబుల్లో మంచి పని ఏదో చెడ్డది ఏదో ఇట్టే తెలుస్తుంది. చెడ్డ జవాబు మొదటి పిటిషన్‌నే కాస్త గొంతు పెంచి మళ్లీ చెబుతుంది. మంచి జవాబు అధికారి రాసిన ప్రతి పేరాను ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, దాని కిందే సమాధానం, ఆ సమాధానంలోనే ఎగ్జిబిట్ నంబరు, పేజీ నంబరు ఇస్తుంది. అధికారి వెతుక్కోనక్కర్లేదు. రుజువు ఏ స్థాయిలో ఉండాలో 2010 నాటి చవాతే నిర్ణయం చెప్పింది: విషయం నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని ఆధారాలు చూపిస్తే చాలు. పని తెలిసినవాళ్లు ఈ ప్రమాణాన్ని గుర్తుచేసి ఊరుకోరు, దానికి తగ్గ కాగితాన్ని అక్కడే చూపిస్తారు.

ఇవిగాక కంటికి ఆనని జాగ్రత్తలు ఎన్నో. ఫారం పాత ఎడిషన్ అయితే మొత్తం కట్టే వెనక్కి వస్తుంది. పిటిషన్ ఫారమైన ఐ-129 రెండో భాగంలో, అభ్యర్థి అమెరికాలోనే స్టేటస్ మార్చుకుంటాడా, కాన్సులేట్‌కు వెళ్లి వీసా తీసుకుంటాడా అని అడిగే గడి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చాక, ఆ చిన్న గడిలో పెట్టే టిక్కు విలువ అంతటిదైంది. అభ్యర్థి అప్పటికి ఎక్కడున్నాడు, అతని స్టేటస్ ఎప్పటిదాకా ఉంది అన్నది కాగితంతో సహా చూసుకోకుండా దాని మీద పెన్ను పెట్టకూడదు.

ఈ పనితనాన్ని ఇంతగా మెచ్చుకోవడానికి నాకున్న బలమైన కారణం వేరే. సరిగ్గా రాసిన ఫైలు ఉద్యోగికి రక్షణ. ఎల్‌సీఏలో రాసిన జీతం ప్రాజెక్టు లేని రోజుల్లోనూ ఇవ్వాల్సిందే. బెంచ్ మీద ఉన్నాడని యజమాని తన వైపు నుంచి జీతం ఆపడానికి చట్టం ఒప్పుకోదు. పిటిషన్‌తో పాటు కట్టే 750 లేదా 1,500 డాలర్ల శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. గడువుకు ముందే ఉద్యోగం తీసేస్తే స్వదేశానికి తిరిగొచ్చే ప్రయాణానికి అయ్యే సహేతుకమైన ఖర్చు యజమానిదే. ఎల్‌సీఏ దాఖలైన మరుసటి పనిదినానికల్లా యజమాని ఒక పబ్లిక్ యాక్సెస్ ఫైలు తెరిచి ఉంచాలి. అందులో జీతం లెక్క ఉంటుంది, దాన్ని ఎవరైనా అడిగి చూడొచ్చు. పేచీ వచ్చిన రోజున ఉద్యోగి చేతిలో ఉండే సాక్ష్యం ఇదే. అంకెలు, హోదా, చిరునామా జాగ్రత్తగా రాసిపెట్టిన ఆ పేరు తెలియని మనిషి ఆ రోజు అతని పక్షాన నిలబడినట్టే.

అందుకే ఇప్పుడు పిటిషన్ వేయించుకుంటున్నవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ చేసే అధికారి మీ పిటిషన్‌ను చూడగలడు; మీరూ ముందే చదివి ఉండండి. సపోర్ట్ లెటర్ ముసాయిదా దశలోనే అడగండి. అందులో రాసిన పని మీరు చేసే పని కాకపోతే సంతకం పడకముందే చెప్పండి. ఎల్‌సీఏ కాపీ కోసం మీరు బతిమాలనక్కర్లేదు. పనిలో చేరే రోజుకల్లా దాన్ని మీ చేతికి ఇవ్వాలని యజమానికి అమెరికా చట్టమే చెబుతోంది.