మేలో దెబ్బ, డిసెంబర్లో మూలుగు

సంక్రాంతి దగ్గర పడుతుంటే మా మాచర్లలో కవర్లు కప్పుకుని పడుకున్న కార్లకు ఒక్కసారిగా పని పడుతుంది. హైదరాబాదు నుంచి కొడుకు వస్తున్నాడనో, అమెరికా నుంచి కూతురు దిగుతుందనో కవరు లాగి తాళం తిప్పుతారు. కారు ఓ మూలుగు మూలిగి ఊరుకుంటుంది. వెంటనే మెకానిక్‌కి ఫోను. "భాయ్, బండి స్టార్ట్ కావట్లా. బ్యాటరీ పోయినట్టుంది, వచ్చేటప్పుడు కొత్తది పట్రా." జవాబు మనమే చెప్పేసి, ఆయన్ని సామాను మోసుకురమ్మంటున్నాం.

పని తెలిసిన మెకానిక్ బ్యాటరీ తేడు. ఫోన్లోనే ఎదురు ప్రశ్న వేస్తాడు: "సెల్ఫ్ తిరుగుతోందా సార్, తిరగట్లేదా?"

ఈ ఒక్క ప్రశ్నతో సగం బండి పక్కకి తప్పుకుంటుంది. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోవడం లేదంటే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. అటు పెట్రోలన్నా అందడం లేదు, ఇటు స్పార్కన్నా రావడం లేదు. సెల్ఫే తిరగలేదంటే పెట్రోలు, ప్లగ్గులు, ఫిల్టర్లు అన్నిటినీ వదిలేయొచ్చు. మనం మాత్రం రెండింటికీ కలిపి "స్టార్ట్ కావట్లా" అనే ఒకే మాట వాడతాం. నేను గమనించినంతలో డబ్బు దండగయ్యేది చాలావరకు ఇక్కడే.

రెండో ప్రశ్న, "ఏం సౌండొచ్చింది?" దీనికి సరిగ్గా జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. తాళం తిప్పగానే టకటకటకమని వరసగా కొట్టుకుంటే, సెల్ఫ్‌కి స్విచ్చులా పనిచేసే సాలినాయిడ్ లోపలికి లాక్కునేంత కరెంటు ఉంది గానీ, సెల్ఫ్ బరువు పడగానే వోల్టేజి కూలిపోతోంది. లాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒక్కసారి ఠక్కుమని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మీదికి, అందులో అరిగిన కార్బన్ బ్రష్‌ల మీదికి పోతుంది. అసలేమీ చప్పుడు లేకపోతే తాళం నుంచి సాలినాయిడ్ దాకా వెళ్లే సన్నవైరు చూడాలి. షెడ్డులో బండి పక్కనే పత్తి, మిర్చి బస్తాలు ఉన్న ఇళ్లలో ఎలుకల సంగతి కూడా చూడాలి.

మీటరు లేనివాళ్లకు హెడ్‌లైటే మీటరు. లైటు వేసి తాళం తిప్పండి. లైటు గుడ్డిదైపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా ఆ సత్తువ టెర్మినల్ దాటి రావడం లేదు. లైటు చెక్కు చెదరకుండా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీని అనుమానించకండి. మీటరుంటే ఇంకా తేలిక. నిండుగా ఉండి, కాసేపు కదిలించకుండా ఉంచిన పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకుగా ఆరు గదులు కదా. 12.2 అంటే సగానికి దిగిందని, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అని లెక్క. అయితే ఊరికే ఉన్న బ్యాటరీ చెప్పే అంకెను నమ్మడానికి లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూడాలి. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కూడా వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ లాగుడులో 9.6కి దిగువకు జారిపోతే బ్యాటరీ బలహీనపడ్డట్టే. బ్యాటరీ కొమ్ము మీద మంచి అంకె కనిపించి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద తగ్గిందంటే మధ్యలో ఉన్న తెల్లబూజు కరెంటు తింటోంది. దానికి వేడినీళ్లు, వంటసోడా, పాత టూత్‌బ్రష్ సరిపోతాయి. నెగటివ్ క్లాంపు ముందు ఊడదీయాలి, చివర బిగించాలి.

బ్యాటరీ నిజంగానే పోయిందని తేలిందనుకుందాం. ఎప్పుడు పోయింది? నిన్న రాత్రి చలికి పోయిందంటారు మావాళ్లు. మాచర్ల చలి ఏపాటిది? చలికి బ్యాటరీలు గడ్డకట్టే దేశాలు వేరే ఉన్నాయి. మాది రెంటచింతల పక్క ఊరు. వేసవి వస్తే రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడని వెతికేవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ పేరే. బయట నలభై అయిదు డిగ్రీలుంటే బోనెట్ కింద ఎంతుంటుందో చెయ్యి పెట్టినవాడికి తెలుసు. దానికి తోడు కారు నిలబెట్టేది నాపరాళ్లు పరిచిన వాకిట్లో. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఓ మోటు లెక్క ఉంది. బ్యాటరీకి అది మేలు కాదు. పాజిటివ్ పలకల్లోని సీసపు జాలీని తుప్పు తొందరగా తినేస్తుంది, ఆసిడ్‌లో నీరు ఆవిరైపోతుంది. చిత్రమేమిటంటే అదే మే నెలలో బండి చక్కగా స్టార్టవుతుంది. ఇంజనాయిల్ పల్చగా ఉంటుంది, వేడికి బ్యాటరీ కూడా ఉన్న కాస్త సత్తువనూ సులువుగా ఇచ్చేస్తుంది. డిసెంబరు పొద్దుట ఆయిలు కాస్త చిక్కబడి, లోపలి చర్య కాస్త నెమ్మదించేసరికి, వేసవిలో పోయిన బలం అప్పుడు బయటపడుతుంది.

పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందని ఇక్కడ ఎవర్నడిగినా కోడిపందెం అంటారు. నలగామరాజుకీ మలిదేవుడికీ, నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ పొసగకపోవడం ఆ పందేనికి ముందే మొదలైంది. కోడి ఓడిన రోజు మాచర్లవాళ్లు అడవులు పట్టారు, అంతే. డిసెంబరు చలి కూడా ఆ కోడిలాంటిదే.

ఎండ తర్వాత రెండో దోషి, బండి వాడకపోవడం. తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. సెంట్రల్ లాకింగు, అలారం, గడియారం, కంప్యూటరు జ్ఞాపకం, అన్నీ కలిపి కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే అంటారు. ఆ మామూలును లెక్కేస్తే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెలరోజులకు సున్నా అవుతుంది. సగానికి దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. పొద్దున్నే చెన్నకేశవస్వామి గుడిదాకా వెళ్లొచ్చి "రోజూ తీస్తూనే ఉన్నాం" అంటే లాభం లేదు. అంత చిన్న ప్రయాణంలో సెల్ఫ్ తిన్నది కూడా డైనమో తిరిగి పెట్టలేకపోవచ్చు. గుడికి నడిచి వెళ్లి, వారానికోసారి కారులో సాగర్ దాకా పోయి రండి. ఇద్దరికీ మంచిది.

పాతకాలంలో ఇంత అజ్ఞానానికి ఆస్కారం లేదు, ఎందుకంటే బండి డ్రైవరు చేతికే చెప్పేది. అంబాసిడర్‌కి ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే ఏర్పాటుండేది. తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలని, చుట్టి పట్టుకోకూడదని గురువులు మొదటిరోజే చెప్పేవాళ్లు. ఇంజను వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది. ఆ బాధ తప్పించడానికే అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్ సెల్ఫ్ తయారుచేశాడు, 1912 మోడల్ కాడిలాక్‌తో అది బజారులోకి వచ్చింది. మా రోడ్ల మీద హ్యాండిళ్లు ఇంకా చాలాకాలం బతికాయి. ఎండల్లో కార్బురేటర్ బండ్లకు ఇంకో జబ్బు, పైపులోనే పెట్రోలు ఆవిరైపోయి పంపు గాలి తాగేది. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టుకింద బీడీ కాల్చి, మళ్లీ కొట్టేవాళ్లు. బండి లేచేది. 2000లో అమరరాజా వాళ్లు కారు బ్యాటరీల్లోకి దిగాక నీళ్లు పోసే పనిలేని రకం బాగా వాడుకలోకి వచ్చింది. సుఖమే. మూతలు తీసి లోపల చూసే అలవాటు కూడా దాంతోపాటే పోయింది.

ఇప్పటి బండికి మెకానిక్ స్కానర్ తగిలిస్తాడు. నాకు స్కానర్ మీద కోపం లేదు, కానీ అడగాల్సిన ప్రశ్నకు అది బదులు కాదు. గుంటూరు నుంచి ఏకబిగిన వచ్చి, టీకి ఆగి, మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. వర్క్‌షాపుకు తీసుకెళ్లేసరికి బండి చల్లబడి ఉంటుంది, స్కానర్లో ఏ కోడూ కనపడకపోవచ్చు. "వేడి మీద మొరాయించిందా, చల్లగా ఉన్నప్పుడా?" అని అడిగినవాడికే ఇంజను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్ గుర్తొస్తుంది. వేడెక్కితే మొద్దుబారే రోగం దానికుంది. ఈసారి ఆగినప్పుడు దాని మీద కాసిని చల్లటి నీళ్లు చిలకరించి చూస్తాడు. అడగనివాడు పెట్రోలు పంపు మారుస్తాడు, తర్వాత ప్లగ్గులు, తర్వాత కాయిల్.

అలా మార్చేవాళ్లను తిట్టడం తేలిక. కానీ మనం డబ్బులిచ్చేది దేనికి? బోనెట్ ఎత్తి, పది నిమిషాలు మీటరు పట్టుకుని, క్లాంపు గీకి బిగించి, బండి స్టార్ట్ చేసి ఇచ్చినవాడు రెండొందలడిగితే "ఏం చేశావని భాయ్, నట్టు బిగించావు అంతేగా" అని యాభై చేతిలో పెడతాం. అదే మనిషి కొత్త బ్యాటరీ పెడితే వేలకు వేలు మారుమాట లేకుండా ఇచ్చి, వారంటీ కార్డు మీద ముద్ర సరిగ్గా పడిందో లేదో మాత్రం రెండుసార్లు చూసుకుంటాం.