చూరు కింద కుందేలు

కిల్‌పెక్ చర్చికి వెళ్లినవాళ్లు ముందు తలుపు దగ్గర ఆగుతారు. ఆగాల్సిన తలుపే అది. నా చూపు మాత్రం ముందుగా చూరు కిందికి పోయింది. అక్కడ ఒకే రాతిలో ఒక వేటకుక్కా, ఒక కుందేలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కుక్క చెవులు వాలిపోయి ఉన్నాయి, కుందేలు చెవులు పొడుగ్గా ఉన్నాయి. రెండింటికీ గుండ్రటి పెద్ద కళ్లు. తరిమేదీ లేదు, పారిపోయేదీ లేదు. ఒకే కంచంలో తిని పెరిగిన వాటిలా కూర్చున్నాయి. దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా అలాగే ఉన్నాయి.

కిల్‌పెక్ చిన్న ఊరు. ఇంగ్లండ్‌లో హెరిఫర్డ్ పట్టణానికి నైరుతిగా, వేల్స్ సరిహద్దుకు దగ్గరలో ఉంటుంది. చర్చికి పడమట పాత కోట తాలూకు మట్టిదిబ్బ, దాని మీద కూలిన గోడ ముక్కలు కనిపిస్తాయి. ఆ కోటకు ప్రభువైన హ్యూ, 1140 ప్రాంతంలో ఈ చర్చిని కట్టించాడు. మేరీమాత పేరునా, వేల్స్ సాధువు డేవిడ్ పేరునా వెలసిన గుడి ఇది. మూడు గదులు ఒకదాని వెనక ఒకటి. కూర్చునే గది, బలిపీఠం ముందు గది, చివరన అర్ధచంద్రాకారపు గది. అంతే. పెద్ద కట్టడం కాదు. తలెత్తితే చూరు కింది బొమ్మ ముఖంలోకి తిన్నగా చూడవచ్చు.

ఆ చూరును మోసే దన్నురాళ్లు గోడ చుట్టూతా ఉన్నాయి. 85 మిగిలాయి. ఒక్కో రాయి తోకభాగం గోడలోకి వెళ్లిపోతుంది, ముందుకు పొడుచుకొచ్చిన భాగమే శిల్పికి దొరికేది. ఇంచుమించు మనిషి తలంత చోటు. అంతలోనే పొట్టేలు, ఎలుగు, శిలువ మోసే గొర్రెపిల్ల, కమానుతో తంతివాద్యం వాయించే మనిషి, ఒకరినొకరు పట్టుకున్న జంట, మనిషిని సగం మింగిన మృగం, అన్నీ ఇమిడిపోయాయి. గొర్రెపిల్ల క్రీస్తుకు గుర్తు. మిగతావాటిలో చాలావాటికి ఏ గ్రంథమూ అర్థం చెప్పదు. తన రెండు చేతులతో యోని తెరిచి చూపే స్త్రీమూర్తి కూడా ఈ వరసలోనే ఉంది. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఇలాంటి బొమ్మను షీలా నా గిగ్ అంటారు. కామం గురించి హెచ్చరిక అని కొందరంటారు, చెడును తరిమే రక్ష అని కొందరు. నాకు కనిపించింది శిల్పి శ్రద్ధ. గొర్రెపిల్లకు పెట్టినంత ఓపికా ఈమెకూ పెట్టాడు, కుందేలుకూ పెట్టాడు. ఏ రాయినీ ఇది చిన్న పని అనుకుని వదిలెయ్యలేదు.

ఇక దక్షిణపు తలుపు. పైన అర్ధచంద్రాకారపు పలక మీద ద్రాక్షగుత్తులతో జీవవృక్షం ఉంది. కొమ్మలు రెండు పక్కలా సమంగా వంగాయి. దాని చుట్టూ ఉన్న కమానులో ముక్కుల పక్షితలలు, వింత మృగాలు రాయికొకటి చొప్పున కూర్చున్నాయి. రాళ్లను కింద పెట్టి చెక్కి, ఆ తర్వాత పైన పేర్చారని ఈ పొందికను చూస్తే తెలుస్తుంది. ద్వారబంధం పక్కన పాములు ఒకదాని తోక ఒకటి నోట పట్టుకుని దిగుతున్నాయి. స్తంభం తలమీద ఒక ముఖం, దాని నోట్లోంచి తీగలు పుట్టి పాకుతున్నాయి.

ఎడమ స్తంభం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. అల్లుకున్న తీగల మధ్య ఒకరి మీద ఒకరుగా ఇద్దరు యోధులు చిక్కుకుని ఉన్నారు. కొనదేలిన టోపీలు, సన్నని దేహాలు. బట్టల మీద దగ్గర దగ్గరగా గీతలున్నాయి. కాలు మడిచినచోట ఆ గీతలూ వంగాయి. ఒక్కో గీతకూ రెండు వైపులా రాయిని తొలిచి, మధ్యలో సన్నని గట్టు మిగిల్చారు. చెయ్యి ఒక్కసారి తడబడితే ఆ గట్టు ఊడిపోతుంది. అక్కడ ఊడలేదు. ఎండ పక్కనించి పడ్డప్పుడు గట్లన్నీ నీడలు దాల్చి, బట్ట కింద కండ ఉన్నట్టే అనిపిస్తుంది. రాయి ఈ ప్రాంతపు ఎర్ర ఇసుకరాయే. అందులో మేలైన పొరను ఎంచుకున్నారు. ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉంది. జార్జ్ లూయిస్ అనే చిత్రకారుడు 1842లో ఈ చర్చి శిల్పాలను బొమ్మలుగా గీసి అచ్చు వేయించాడు. ఆ బొమ్మలు చేతబట్టుకుని నేటికీ రాయి రాయీ పోల్చుకోవచ్చు.

శిల్పి పేరు ఎక్కడా లేదు. పేరు లేకపోయినా చెయ్యిని గుర్తుపట్టవచ్చు. అదే జిల్లాలో ఎర్డిస్లీ గ్రామ చర్చిలో బాప్తిస్మపు తొట్టి ఉంది. దాని చుట్టూ తాళ్లలా పెనవేసుకున్న ముడులు. ఒకచోట ఈటె పట్టినవాడూ కత్తి పట్టినవాడూ తలపడుతున్నారు. వాళ్ల బట్టల నిండా మళ్లీ అవే గీతలు! ఊరు కాని ఊరిలో తెలిసిన గొంతు వినిపించినట్టయింది నాకు. అదే మనిషి చెక్కాడో, అతని దగ్గర పని నేర్చినవాడు చెక్కాడో, ఈ గీత గీయడం మాత్రం ఒకేచోట నేర్చుకున్నారు. తొట్టికి ఇంకోవైపు క్రీస్తు ఒక మనిషి మణికట్టు పట్టుకుని ఆ ముడుల్లోంచి లాగుతున్నాడు. నరకంనించి ఆత్మలను విడిపించిన ఘట్టం అది. వేళ్లు మణికట్టు చుట్టూ బిగిశాయి. ఆ పట్టు చూస్తే విడిపించే బలం ఎంతో తెలుస్తుంది.

ఈ పని నేర్పిన బడి షాబ్డన్ అనే ఊరని పండితులు చెప్తారు. అక్కడి చర్చిని కట్టించిన ఆలివర్ డి మెర్లిమాండ్ స్పెయిన్‌లోని సాంటియాగో యాత్ర చేసి వచ్చాడు. కిల్‌పెక్ లోపల, బలిపీఠం గది కమానుకు రెండు పక్కలా ముగ్గురేసి సాధువులు ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. అలా నిలబెట్టే పద్ధతి సాంటియాగో ద్వారాల దగ్గర కనిపించేదే. యాత్రికుడి వెంట శిల్పి కూడా వెళ్లి ఉంటే, దారి పొడవునా ఏమేం చూశాడో ఊహించుకోవడం నాకు ఇష్టం.

ఆ షాబ్డన్ చర్చి ఇప్పుడు లేదు. 1750ల్లో దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. పాత కమానులను మాత్రం దూరాన గుట్టమీదికి తీసుకెళ్లి, తోటకు అలంకారంగా నిలబెట్టారు. కప్పు లేదు, చూరు లేదు. రెండున్నర శతాబ్దాల వానా మంచూ ఆ ముఖాలను తినేశాయి. సింహాసనం మీది క్రీస్తు ఇప్పుడు రాతిలో ఒక ఉబ్బు మాత్రమే. ఏది చెయ్యో ఏది మడతో వెతుక్కోవాలి. కళ్లు తడితో మసకబారితే లోకం కనిపించినట్టు ఉంటాయి ఆ పలకలు. చాలా బాధ వేసింది.

మర్నాడు మళ్లీ కిల్‌పెక్ వెళ్లాను. వాన పడుతోంది. సమాధుల మధ్య గడ్డి నానిపోయింది. నా కోటు తడిసింది. తలెత్తి చూశాను. చూరు కింద కుక్కా కుందేలూ పొడిగా ఉన్నాయి.